వేరే రాష్ట్రం సైకాలజిస్టు లైసెన్సు ఇక్కడ చెల్లదట, మా వాడి పరీక్ష ఆగిపోయింది

#1 డాలస్_నాన్న
మా అబ్బాయి రెండో తరగతి. నోటితో కథ చెప్పమంటే గంటసేపు చెబుతాడు, లెక్కలు బాగానే చేస్తాడు. పుస్తకం ముందు పెడితే మాత్రం పేజీ చూసి ఏడుపు. హోంవర్క్ టైములో కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోడు. టీచరే ఎవాల్యుయేషన్ (పిల్లాడికి ప్రత్యేక సాయం కావాలేమో తేల్చే స్కూలు పరీక్ష) అడగమన్నారు. సెప్టెంబరు మొదటి వారంలో నేనూ మా ఆవిడా సంతకాలు పెట్టాం.

నిన్న స్కూలు నుంచి ఫోన్. ఉన్న సైకాలజిస్టు మానేశారట. కొత్తావిడని ఒహాయో నుంచి తీసుకున్నారట. పన్నెండేళ్ల అనుభవం, జులైలోనే సామాన్లతో సహా వచ్చేశారు. కానీ టెక్సస్ లైసెన్సు చేతికి రాలేదు కాబట్టి పిల్లలకి పరీక్షలు చేయకూడదట. "కొంచెం ఓపిక పట్టండి" అన్నారు.

ఒహాయో డ్రైవింగ్ లైసెన్సుతో ఆవిడ అక్కడి నుంచి ఇక్కడిదాకా కారు నడుపుకుంటూ రావచ్చు. వచ్చాక పిల్లాడికి అక్షరాలు చూపించి చదవమనడానికి మాత్రం కుదరదు. ఇదేం పద్ధతి? ఎన్నాళ్లు పడుతుంది, ఎవరికైనా తెలుసా?

#2 ఆవకాయ_ఎడిసన్
పన్నెండేళ్లు కాపురం చేశాక మళ్లీ పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టారన్నమాట ఆవిణ్ణి.

#3 ప్లేనో_పద్మ
పోయినేడు మాకూ ఇదే గొడవ. విసుగొచ్చి ప్రైవేటుగా చేయించాం. ఇన్సూరెన్సు పైసా ఇవ్వలేదు. మీకు వీలైతే అదే మేలు.

#4 డాలస్_నాన్న
ఎంతయిందండీ?

#5 ప్లేనో_పద్మ
మూడు వేలు దాటింది. డాలర్లే.

#6 రౌండ్‌రాక్_రవి
ప్రైవేటుకి మీ జేబులోంచి ఎందుకు? స్కూలు ఖర్చుతో బయట చేయించమని అడగండి. ఐఈఈ అంటారు, అది మన హక్కు. చాలామందికి తెలీదు.

#7 ఎల్ఎస్ఎస్పీ_అక్క
రవి గారూ, సగం కరెక్టు. ఐఈఈ అడగాలంటే ముందు స్కూలు ఎవాల్యుయేషన్ ఒకటి జరగాలి, దాంతో మనం ఒప్పుకోకపోవాలి. జరగని పరీక్ష మీద ఒప్పుకోకపోవడం ఉండదు. ప్రైవేటు రిపోర్టు తెస్తే స్కూలు దాన్ని చూడాలి, చూసి పక్కన పెట్టే అధికారం కూడా వాళ్లకుంది. పద్మ గారికి ఆ విషయం అనుభవమే అనుకుంటా.

నేను టెక్సస్‌లో ఎల్ఎస్ఎస్పీని. స్కూల్ సైకాలజిస్టుకి ఇక్కడి పేరు అది. పదకొండేళ్లయింది.

నాన్న గారూ, మీరు పట్టుకోవలసింది తేదీ. రాతపూర్వకంగా మీ సంతకం అందిన రోజు నుంచి 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. శని ఆదివారాలు, థాంక్స్‌గివింగ్ సెలవులు లెక్కలోకి రావు. మీ వాడు మధ్యలో మూడు రోజులో అంతకంటే ఎక్కువో బడి మానేస్తే అన్ని రోజులు గడువు జరుగుతుంది. రిపోర్టు వచ్చిన 30 రోజుల్లో ఏఆర్‌డీ మీటింగు, అంటే పిల్లాడికి ఏ సాయం ఇవ్వాలో స్కూలూ మీరూ కలిసి తేల్చేది.

"మా దగ్గర మనిషి లేరు" అన్నది గడువు పెంచడానికి కారణం కాదు. వైకల్యం ఉన్న పిల్లల చదువు గురించిన ఫెడరల్ చట్టం ఐడియాలో ఉన్న మినహాయింపులు రెండే. తల్లిదండ్రులు పదే పదే పిల్లాణ్ణి పరీక్షకి తీసుకురాకపోవడం ఒకటి, మధ్యలో వేరే స్కూల్ డిస్ట్రిక్టుకి మారిపోవడం ఇంకోటి. ఫోన్లో మాట్లాడకండి, ఈమెయిల్ పెట్టండి. "ఫలానా తేదీన సంతకం చేశాం, గడువు ఫలానా తేదీ అని మా లెక్క, ఎవరితో చేయిస్తున్నారో తెలపగలరు." ఇంతే, కోపం వద్దు.

ఇంకోటి. డిస్‌లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఒక్కటే అనుమానమైతే టెక్సస్‌లో ఎడ్యుకేషనల్ డయాగ్నోస్టిషియన్, అంటే చదువుకి సంబంధించిన పరీక్షలు చేసేవాళ్లు, కూడా చాలా భాగం చేస్తారు. ఏమేం చూడాలని కాగితంలో రాశారు?

#8 డాలస్_నాన్న
చదువు, అటెన్షన్, ఎమోషనల్, మూడూ రాశారు. ఏడుపు గురించి టీచరు రాసినట్టున్నారు.

#9 ఎల్ఎస్ఎస్పీ_అక్క
అయితే మా బాపతు మనిషి కావలసిందే. లైసెన్సు రాకుండా ఆవిడ చేస్తే ఆ రిపోర్టు రేపు నిలబడదు కూడా. స్కూలు ఆ విషయంలో తప్పు చేయడం లేదు. ఈలోపు కాంట్రాక్టు మీద ఇంకొకరిని పెట్టకపోవడమే తప్పు.

#10 వైజాగ్_టు_వర్జీనియా
లైసెన్సుకి ఇంత టైము ఎందుకు? ఐటీ వాళ్లకి ఏ రాష్ట్రమైనా ఒకటే కదా. సైకాలజీ ఒహాయోలో ఒకటి, టెక్సస్‌లో ఒకటి ఉండదుగా.

#11 ఎల్ఎస్ఎస్పీ_అక్క
సైకాలజీ ఒకటే. కౌంటరు వేరు. చాలా రాష్ట్రాల్లో మా లైసెన్సు విద్యాశాఖ వైపు నుంచి వస్తుంది, టీచర్ల సర్టిఫికెట్లతో పాటు. టెక్సస్‌లో సైకాలజిస్టుల బోర్డు ఇస్తుంది. కాలిఫోర్నియాలో దాని పేరే వేరు, పీపీఎస్ క్రెడెన్షియల్. ఒక రాష్ట్రం కాగితం ఇంకో రాష్ట్రం గుమస్తాకి ముక్క అర్థం కాదు.

ఏమేం అడుగుతారంటే ట్రాన్స్‌క్రిప్టులు, ప్రాక్సిస్ అనే జాతీయ పరీక్ష స్కోరు, మళ్లీ కొత్తగా వేలిముద్రలు, ఇక్కడి చట్టాల మీద జురిస్‌ప్రూడెన్స్ పరీక్ష, ఇంటర్న్‌షిప్ గంటలకి రుజువు. చాలామంది దరఖాస్తు ఆగేది ఆ చివరి దాని దగ్గరే. పన్నెండేళ్ల కింద ఇంటర్న్‌షిప్ చేయించినాయన ఈపాటికి రిటైరై ఎక్కడో చేపలు పడుతుంటాడు. ఆయన సంతకం కావాలి. నా విషయంలో ఆయన దొరికాడు గానీ, ఫారం మీద తేదీ వేయడం మర్చిపోయాడు. అది మళ్లీ వెనక్కి వెళ్లి వచ్చేసరికి నెల.

#12 ఆవకాయ_ఎడిసన్
మన తహసీల్దారాఫీసు వాళ్లకి ఎక్స్‌టెన్షన్ కౌంటరు పెట్టారా ఏంటి అక్కడ?

#13 హెచ్4_హేమ
ఈ థ్రెడ్ చూసి ఆగలేక రాస్తున్నా. నేను స్కూల్ సైకాలజిస్టుని. అంటే, అవ్వాలి. ఎంఏ సైకాలజీ మన దగ్గరే చేశాను. ఇక్కడికొచ్చి న్యూజెర్సీలో ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్ డిగ్రీ, మూడేళ్లు, అందులో చివరి ఏడాది మొత్తం ఇంటర్న్‌షిప్. న్యూజెర్సీలో చైల్డ్ స్టడీ టీమ్ అని ఉంటుంది. సైకాలజిస్టు, లెర్నింగ్ కన్సల్టెంటు, సోషల్ వర్కరు కలిసి పిల్లాణ్ణి చూస్తారు. నాకు చాలా నచ్చిన పని.

రెండేళ్లు చేశాక మావారి ప్రాజెక్టు కాలిఫోర్నియాకి మారింది. అక్కడ అప్పట్లో సీబెస్ట్ అని పరీక్ష. లెక్కలు, చదవడం, రాయడం. స్పెషలిస్ట్ డిగ్రీ ఉన్నదాన్ని భిన్నాలు కూడుతూ కూర్చున్నా. పోనీ రాశా. ఆ తర్వాత మన ఎంఏ మార్కుల లిస్టు మీద ఒక కార్యాలయంలో పేచీ. మన డిగ్రీ ఇక్కడి దేనికి సమానమో చెప్పే పాత క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ చెల్లదు, కొత్తది కావాలి, దానికి మన యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవరు కావాలి. మా పిన్ని కొడుకు ఎగ్జామినేషన్ బ్రాంచి చుట్టూ నాలుగు సార్లు తిరిగాడు. మొదటి కవరు మీద స్టాంపు ఫ్లాప్ మీద పడకుండా పక్కన పడిందని వెనక్కి పంపారు. అవును, స్టాంపు పడిన చోటు.

ఏడాదిన్నర పోయింది. లైసెన్సు వచ్చిన మూడో నెలలో ప్రాజెక్టు నార్త్ కరోలినాకి. మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేక ఇప్పుడు ఆన్‌లైన్లో పిల్లలకి లెక్కలు చెబుతున్నా. మా అపార్ట్‌మెంటు ఎదురు స్కూలు బయట "సైకాలజిస్టు కావలెను" అని బోర్డు ఉంది. రోజూ పాపని దింపేటప్పుడు చూస్తా.

#14 ప్లేనో_పద్మ
హేమా, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

#15 వైజాగ్_టు_వర్జీనియా
భిన్నాలు కూడించారా 😂 సారీ అండీ, నవ్వకూడదు.

#16 హెచ్4_హేమ
నవ్వండి పర్లేదు. మొదటిసారి ఒకటి తప్పు కూడా చేశా.

#17 డెన్వర్_సుబ్బు
హేమ గారి లాంటి వాళ్ల కోసమే ఒకటి నడుస్తోంది. స్కూల్ సైకాలజిస్టుల ఇంటర్‌స్టేట్ కంపాక్ట్, అంటే లైసెన్సుల మీద రాష్ట్రాల మధ్య ఒప్పందం. కౌన్సిల్ ఆఫ్ స్టేట్ గవర్నమెంట్స్, స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం నాస్ప్, ఫెడరల్ రక్షణ శాఖ కలిసి తయారుచేశాయి. మా కొలరాడో 2024లోనే చట్టం చేసింది.

రక్షణ శాఖకి ఇందులో ఏం పని అని అడిగేలోపే చెప్తున్నా. మిలిటరీ కుటుంబాలు రెండు మూడేళ్లకోసారి ఊరు మారతాయి. భార్యకో భర్తకో ప్రతిసారీ లైసెన్సు పోతే ఆ సైనికుడు ఉద్యోగమే మానేస్తాడు. అందుకని టీచర్లు, సోషల్ వర్కర్లు, ఇలా చాలా వృత్తుల కంపాక్టులకి డబ్బు, మనుషుల సాయం రక్షణ శాఖే చేస్తోంది.

ఒక్కో రాష్ట్రం అసెంబ్లీ అదే ముసాయిదాని చట్టంగా చేయాలి. ఏడు రాష్ట్రాలు చేస్తే ఒప్పందం అమల్లోకి వస్తుంది. అయినా మర్నాడే దరఖాస్తు పెట్టుకోలేం. ఒక్కో రాష్ట్రం నుంచి ప్రతినిధి వచ్చి కమిషన్ కూర్చోవాలి, నిబంధనలు రాయాలి, ఫీజులు తేల్చాలి.

#18 కాన్సస్_కిరణ్
మా ఆవిడ నర్సు. కాన్సస్ సిటీలో స్టేట్ లైన్ రోడ్డని ఉంది, ఒక పక్క కాన్సస్, రెండో పక్క మిస్సోరి. రెండు పక్కలా డ్యూటీలు చేసింది, ఒకే లైసెన్సు మీద. రెండు రాష్ట్రాలూ నర్సుల కంపాక్టులో ఉన్నాయి. రోడ్డు దాటితే ఇంజెక్షన్ చేయడం మర్చిపోదు కదా. సుబ్బూ, ఇదీ అలాంటిదేనా?

#19 డెన్వర్_సుబ్బు
కాదు బ్రదర్, తేడా ఉంది. నర్సులకి ఒకే లైసెన్సు అన్ని సభ్య రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. ఇందులో కొత్త రాష్ట్రం తన లైసెన్సు తనే ఇస్తుంది. కాకపోతే చదువు, ఇంటర్న్‌షిప్, పరీక్ష అన్నీ మళ్లీ తవ్వదు. మీ సొంత రాష్ట్రం లైసెన్సు సరిగ్గా ఉందా, అర్హతలు కంపాక్టులో చెప్పినట్టున్నాయా, క్రిమినల్ రికార్డు చెక్ అయిందా, అంతే చూసి దానికి సమానమైన లైసెన్సు ఇవ్వాలి. హేమ గారి సీల్డ్ కవరు అక్కర్లేదు.

#20 హెచ్4_హేమ
ఆ ఒక్క మాట కోసం ఆ చట్టానికి పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెడతా.

#21 రిచ్‌మండ్_రావు
సుబ్బు గారి ఉత్సాహం బాగుంది గానీ చిన్న అక్షరాలు చదవాలి. కంపాక్టు ప్రకారం జాతీయ పరీక్ష పాసై ఉండాలి, ఇంటర్న్‌షిప్ 1200 గంటలు ఉండాలి, అందులో కనీసం 600 స్కూల్లో. కొత్తగా చదివినవాళ్లకి ఇబ్బంది లేదు. మా వదిన ఈ పని మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. ఆవిడ చేరినప్పుడు వాళ్ల రాష్ట్రంలో ప్రాక్సిస్ అడగలేదు, మాస్టర్స్‌తోనే తీసుకున్నారు. ఇప్పుడు మనవడి కోసం మా దగ్గరికి మారదామంటే కంపాక్టు ఉన్నా ఆవిడకి ఉపయోగం లేదు. నిన్న డిగ్రీ తెచ్చుకున్న పిల్లకి దారి తెరిచి, పాతికేళ్లావిణ్ణి గేటు దగ్గర ఆపితే కొరత తీరుతుందా?

#22 ఎల్ఎస్ఎస్పీ_అక్క
రావు గారిది న్యాయమైన మాట. ఒక్కటి కలుపుతా. ఆ 1200 గంటలు, ప్రాక్సిస్, 60 సెమిస్టర్ గంటల చదువు, ఇవన్నీ గాల్లోంచి రాలేదు. ఎన్‌సీఎస్‌పీ అని నాస్ప్ ఇచ్చే జాతీయ సర్టిఫికెట్ ఎప్పట్నుంచో ఉంది, దానికీ ఇవే కొలతలు. 30కి పైగా రాష్ట్రాలు దాన్ని ఏదో ఒక రూపంలో ఒప్పుకుంటాయి, టెక్సస్‌లో కూడా అది ఉంటే దారి చిన్నదవుతుంది. హేమా, నీ దగ్గర ఉందా?

#23 హెచ్4_హేమ
తీసుకున్నానక్కా. మూడేళ్లకి రెన్యూవల్, 75 గంటల ట్రైనింగు చూపించాలి. ఉద్యోగం లేని ఏడాదిలో డబ్బు పెట్టి గంటలు కొనుక్కోవడం ఎందుకని వదిలేశా. ఇప్పుడు అనిపిస్తోంది వదలకుండా ఉండాల్సిందని.

#24 ఎల్ఎస్ఎస్పీ_అక్క
అందరూ చేసే తప్పే. ఇది చదివే స్టూడెంట్లు ఎవరైనా ఉంటే, డిగ్రీ అవగానే ఎన్‌సీఎస్‌పీ తీసుకోండి, దాన్ని చావనివ్వకండి. ఇంటర్న్‌షిప్ గంటల ఫారం మీద సంతకం తేదీతో సహా చేయించుకుని పది కాపీలు పెట్టుకోండి.

#25 ఆర్మీ_వదిన
#17లో మిలిటరీ గురించి సుబ్బు గారు చెప్పారు కాబట్టి. మావారు మావ్నీలో (విదేశీయుల్ని ఆర్మీలోకి తీసుకున్న పాత పథకం) ఆర్మీలో చేరారు. నేను స్కూల్ కౌన్సెలర్‌ని, సైకాలజిస్టుని కాదు, కానీ తంటా ఒకటే. 2023 జనవరి నుంచి ఫెడరల్ చట్టమే ఉంది. ఆర్డర్ల మీద ఊరు మారితే మిలిటరీ భార్యాభర్తల వృత్తి లైసెన్సుని కొత్త రాష్ట్రం గుర్తించాలి, లాయర్లకి తప్ప. ఆ కాగితం ప్రింటు తీసి పట్టుకెళ్తే ఒక స్కూల్ డిస్ట్రిక్టు హెచ్‌ఆర్ అమ్మాయి "ఇది మా సిస్టమ్‌లో లేదు" అంది. డ్రాప్‌డౌన్‌లో లేని చట్టం చట్టం కాదు.

#26 ఆవకాయ_ఎడిసన్
"డ్రాప్‌డౌన్‌లో లేని చట్టం చట్టం కాదు". వదినా, దీన్ని ఫ్రేము కట్టించి పెట్టుకుంటా.

#27 వరంగల్_వాసి
హైదరాబాద్ నుంచి ఒక మాట. ఇక్కడ క్లినికల్ సైకాలజిస్టులకి, స్పెషల్ ఎడ్యుకేటర్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. 1992 చట్టం. ఆ రిజిస్టర్‌లో పేరుంటే దేశంలో ఎక్కడైనా ప్రాక్టీసు చేసుకోవచ్చు. నాది వరంగల్, చదివింది మైసూరు, పని చేసేది హైదరాబాద్. ఎవరూ స్టాంపు ఎక్కడ పడిందని అడగలేదు.

అంటే మీరు కలలు కంటున్న పోర్టబిలిటీ మాకు ముప్పై ఏళ్లుగా ఉంది. మరి మా దగ్గర ప్రతి స్కూల్లో సైకాలజిస్టు ఉన్నాడా? జిల్లాల సంగతి వదిలేయండి, ఈ నగరంలోనే పెద్ద ఫీజుల స్కూళ్లలో తప్ప కనిపించరు. లెర్నింగ్ డిజెబిలిటీని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చారు. సర్టిఫికెట్ కోసం పల్లె నుంచి పిల్లాణ్ణి తీసుకుని సదరం క్యాంపుకొచ్చే తల్లిదండ్రులని చూస్తుంటా. కాలో చెయ్యో లేకపోతే కనిపిస్తుంది. "చదవలేకపోతున్నాడు" అంటే పక్కన లైన్లో ఉన్నవాళ్లే "రెండు తగిలించండి, చదువుతాడు" అంటారు.

లైసెన్సు ఎక్కడికైనా తిరగగలిగితే సరిపోదు. తిరగడానికి మనుషులుండాలి.

#28 రిచ్‌మండ్_రావు
వరంగల్ గారు అసలు సంగతి పట్టుకున్నారు. నాస్ప్ చెప్పే లెక్క 500 మంది పిల్లలకి ఒక సైకాలజిస్టు. దేశం మొత్తం మీద సగటు వెయ్యికి పైనే ఉంది. కంపాక్టు వల్ల ఒహాయో నుంచి ఒకరు టెక్సస్ వచ్చారనుకోండి, ఒహాయోలో ఒక కుర్చీ ఖాళీ. జీతం తక్కువున్న రాష్ట్రాల నుంచి ఎక్కువున్న వాటికి కుళాయి తిప్పినట్టు. ఉన్న దుప్పటిని కాళ్ల మీదకి లాగితే తల బయటపడుతుంది.

#29 డెన్వర్_సుబ్బు
రావు గారూ, అలా మారేవాళ్లు లైసెన్సు కోసం మారడం లేదు. భర్త ఉద్యోగం, తల్లిదండ్రుల ఆరోగ్యం, ఆర్మీ ఆర్డర్లు. వాళ్లు ఎలాగూ మారతారు. మారాక పని చేస్తారా, లెక్కల ట్యూషన్లు చెబుతారా అన్నదే ప్రశ్న. హేమ గారు #13లో రాసింది చూడండి. ఆవిడ ఏ రాష్ట్రం నుంచీ దొంగిలించబడలేదు, మూడింటికీ పోయారు.

#30 రిచ్‌మండ్_రావు
ఆ లెక్కన ఒప్పుకుంటా. కానీ దీన్ని కొరతకి మందు అని అమ్మకండి. కారుతున్న చోట గుడ్డ కట్టడం ఇది. నీళ్లు రావాలంటే కొత్తవాళ్లు చదవాలి. ఏడాది ఇంటర్న్‌షిప్ చాలాచోట్ల జీతం లేకుండా, ఉన్నా అంతంతమాత్రం. 2022లో తుపాకుల చట్టంతో పాటు స్కూలు మానసిక ఆరోగ్యానికి వంద కోట్ల డాలర్లు పెట్టారు, శిక్షణకి కూడా. 2025 ఏప్రిల్లో ఆ గ్రాంట్లు కొనసాగించబోమని ఫెడరల్ విద్యాశాఖ చెప్పింది. ఒక చేత్తో తలుపు తీసి ఇంకో చేత్తో మెట్లు పీకేస్తే ఎలా?

#31 హ్యూస్టన్_టీచరమ్మ
మీరంతా లైసెన్సు లైసెన్సు అంటున్నారు గానీ ఎవరూ పెన్షన్ సంగతి ఎత్తలేదు. నేను టీచర్ని, కాలిఫోర్నియాలో నాలుగేళ్లు చేసి వచ్చా. అక్కడ ఐదేళ్లు నిండితే గానీ పెన్షన్‌కి హక్కు రాదు. నేను కట్టింది వడ్డీతో తిరిగొచ్చింది, అంతే. ఇక్కడ మళ్లీ ఐదేళ్లు మొదటి నుంచి. జీతం స్కేలు కూడా, బయట చేసిన సర్వీసులో కొన్నేళ్లే లెక్క కడతామనే డిస్ట్రిక్టులున్నాయి. సైకాలజిస్టులూ చాలాచోట్ల ఇవే స్కేళ్లలో ఉంటారు. పదిహేనేళ్లు చేసిన మనిషికి లైసెన్సు పది రోజుల్లో ఇచ్చినా, కొత్తవాళ్ల జీతం ఇస్తానంటే కదలరు. కదిలేది పాతికేళ్ల లోపు పిల్లలే.

#32 ఎల్ఎస్ఎస్పీ_అక్క
టీచరమ్మ గారూ, నా మనసులో మాట. నేను జార్జియా వెళ్దామని రెండేళ్లుగా అనుకుంటున్నా, మా చెల్లెలు అక్కడే ఉంది. ఆపింది లైసెన్సు కాదు, ఇదే.

#33 ఇర్వింగ్_ఇందు
ఇంత పెద్ద విషయం మధ్యలో చిన్న చిట్కా. కిండర్‌గార్టెన్‌లో చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే ఇస్తారు కదా, అందులో ఇంగ్లీష్ అనే రాయండి. తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లల క్లాసు) వేసి, తర్వాత ప్రతిదానికీ "ఇంట్లో వేరే భాష కాబట్టి" అంటారు. మా గ్రూపులో అందరం అలాగే రాశాం.

#34 ఎల్ఎస్ఎస్పీ_అక్క
ఇందూ, దయచేసి ఈ చిట్కా పంచకమ్మా. నా దగ్గరికి వచ్చిన తెలుగు పిల్లల ఫైళ్లలో సగం ఇదే గోల. కాగితం మీద ఇంగ్లీష్ అని ఉంటుంది. పిల్లాడు నాలుగేళ్లదాకా అమ్మమ్మ దగ్గర తెనాలిలో పెరిగాడని మూడో మీటింగులో బయటపడుతుంది. పరీక్ష పిల్లవాడికి బాగా వచ్చిన భాషలో జరగాలని చట్టంలో ఉంది. మీరే ఇంగ్లీష్ అని రాసిచ్చాక నేను దేని ఆధారంగా తెలుగు చూడాలి? భాష ఇంకా రాకపోవడం వేరు, చదవలేకపోవడం వేరు. ఆ రెండూ విడదీయడమే మా పనిలో సగం.

మొన్నొక పాపని బొమ్మ చూపించి ఏంటని అడిగితే మౌనం. స్కోరు సున్నా. అయ్యాక, స్కోరుతో సంబంధం లేకుండా, తెలుగులో అడిగా. గుక్క తిప్పుకోకుండా చెప్పింది, దాంతో వాళ్ల తాతయ్య ఏం చేస్తాడో కూడా చెప్పింది. ఆ వాక్యం నా రిపోర్టులో ఒక పేరా అయింది. తెలుగు రాని సహోద్యోగి అయితే అక్కడ "మాట తక్కువ" అని రాసి ఉండేవారు, వాళ్ల తప్పు కూడా కాదు.

#35 ఇర్వింగ్_ఇందు
సారీ అక్కా, ఇలా ఆలోచించలేదు. ఇప్పుడు మార్పించుకోవచ్చా?

#36 ఎల్ఎస్ఎస్పీ_అక్క
సర్వే సంగతి స్కూలుతో మాట్లాడు. ఎవాల్యుయేషన్ అంటూ వస్తే మాత్రం ఇంట్లో ఏ భాష ఎప్పట్నుంచి అన్నది దాచకుండా చెప్పు.

#37 వైజాగ్_టు_వర్జీనియా
అయితే తెలుగు వచ్చిన సైకాలజిస్టు దేశంలో ఎక్కడున్నా వీడియోలో చేయించొచ్చు కదా? పీఎస్‌వైపీఏసీటీ, సైప్యాక్ట్ అని ఏదో ఉందిగా, నలభైకి పైగా రాష్ట్రాలు.

#38 డెన్వర్_సుబ్బు
సైప్యాక్ట్ డాక్టరేట్ ఉన్న లైసెన్సుడు సైకాలజిస్టులకి. స్పెషలిస్ట్ డిగ్రీతో స్కూళ్లలో పనిచేసేవాళ్లు దాని కిందకి రారు. వాళ్లే ఎక్కువ. పేర్లు ఒకేలా ఉండటంతో అందరూ కలిపేస్తారు.

#39 శంషాబాద్_శ్రీ
మా బాబుకి పోయిన నెల ఐక్యూ టెస్ట్ అయింది. నాన్న గారూ మీ వాడికి ముందే ప్రాక్టీసు చేయించొచ్చు, మా వాడు గుర్తుపెట్టుకుని చెప్పాడు. ఎరుపు తెలుపు దిమ్మెలు ఇస్తారు, తర్వాత [మోడరేటర్ తొలగించారు]

#40 ఎల్ఎస్ఎస్పీ_అక్క
మోడరేటర్ గారికి థాంక్స్. శ్రీ గారూ, కోపంగా అనుకోకండి. ఆ ప్రశ్నలు బయటికొస్తే ఆ టెస్ట్ పనికిరాదు. ప్రాక్టీసు చేసి వెళ్లిన పిల్లాడికి స్కోరు ఎక్కువొస్తుంది, అప్పుడు "ఏ సమస్యా లేదు" అని సాయం ఆగిపోతుంది. ఎమ్‌సెట్ కోచింగ్ కాదిది.

#41 మోడరేటర్
టెస్ట్ ప్రశ్నలు రాయకండి. ఇంకోసారైతే థ్రెడ్ లాక్.

#42 ఆవకాయ_ఎడిసన్
మనవాళ్లకి బ్లడ్ టెస్ట్ పెట్టినా మోడల్ పేపరు కావాలి.

#43 డాలస్_నాన్న
అందరికీ థాంక్స్. అక్క గారు చెప్పినట్టు ఈమెయిల్ పెట్టా, తేదీలతో, కోపం లేకుండా (మా ఆవిడ రెండు వాక్యాలు కొట్టేసింది). నాలుగో రోజుకి జవాబు. కాంట్రాక్టు మీద ఒక ఎల్ఎస్ఎస్పీని మాట్లాడారట, వచ్చే మంగళవారం పొద్దున మా వాడికి పరీక్ష. గడువు లోపలే అవుతుంది.

ఒహాయో ఆవిణ్ణి కూడా కలిశా, కారిడార్‌లో. లైసెన్సు సోమవారమే వచ్చిందట. కంగ్రాట్స్ చెప్పి, మరి మా వాడికి మీరే చేయొచ్చుగా అన్నా. నవ్వి, గది తలుపు తీసి బల్ల చూపించారు. జులై నుంచి పేరుకున్న ఫైళ్లు. లెక్కపెట్టారట, ఇరవై ఆరు. అన్నిటి మీదా స్టిక్కీ నోట్లు, గడువు తేదీలతో. ఎర్రవి గడువు దాటినవి.

#44 హెచ్4_హేమ
ఇరవై ఆరా. ఒక్కో రిపోర్టూ పదిహేను ఇరవై పేజీలుంటుంది. పాపం.

#45 రిచ్‌మండ్_రావు
ఎర్రవి ఎన్ని?

#46 డాలస్_నాన్న
లెక్కపెట్టేలోపు బెల్లు కొట్టింది.

#47 హెచ్4_హేమ
నేను ఎదురు స్కూలుకి ఫోన్ చేశా ఇవాళ. లైసెన్సు ప్రాసెస్‌లో ఉండగా అసిస్టెంటుగా తీసుకునే వీలుందేమో కనుక్కుని చెప్తామన్నారు. మళ్లీ సీల్డ్ కవరు అడిగితే మాత్రం మా పిన్ని కొడుకు నా నంబరు బ్లాక్ చేస్తాడు.

#48 ప్లేనో_పద్మ
శుభం హేమా! ఏమైందో ఇక్కడ రాయి. నాన్న గారూ, మంగళవారానికి బాబుకి ఏం చెప్పారు?

#49 డాలస్_నాన్న
ఒక ఆంటీ వచ్చి పజిల్స్ ఆడిస్తుందని చెప్పా. "ఫెయిలైతే స్కూల్ మానేయొచ్చా" అని అడిగాడు. ఆ రోజు ఏమైనా ప్రత్యేకంగా చూసుకోవాలా అక్కా?

#50 ఎల్ఎస్ఎస్పీ_అక్క
ముందురోజు తొందరగా పడుకోబెట్టండి, కడుపు నిండా టిఫిన్ పెట్టి పంపండి. జలుబో జ్వరమో ఉంటే వాయిదా వేయమనండి, మొహమాటపడొద్దు. కళ్లజోడు ఉంటే తప్పకుండా పెట్టి పంపండి. సగంమంది ఇంట్లో మర్చిపోయి వస్తారు.